ఎగిరే పడవ, ఎనిమిది శాతం

ఈ సంచికకు ఏదైనా విమర్శ రాసివ్వమని సంపాదకులు అడిగినప్పుడు, ఈమధ్య వచ్చిన కథల సంపుటి గురించో, నవల గురించో రాస్తాననుకుని ఉంటారు. నేను ఒక బీరు సీసా గురించి రాస్తానన్నాను. ఫోనులో కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "మన పత్రిక ఇంటిల్లిపాదీ చదువుతారు, అది గుర్తు పెట్టుకుని రాయండి" అన్నారు. గుర్తు పెట్టుకునే రాస్తున్నాను. ఆ ఇంటిల్లిపాదిలో మా అమ్మ కూడా ఉంది. ఆవిడ ఈ వ్యాసంలో ఒక పాత్ర కూడాను.

తాగమని చెప్పటానికి కాదు ఈ వ్యాసం. తాగొద్దని చెప్పటానికీ కాదు, ఆ పని నాకంటే బాగా చేసేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. పద్యాన్ని చదివినట్టు, పాటను విన్నట్టు, ఒక పానీయాన్ని శ్రద్ధగా రుచి చూసి, ఇందులో గుణమేమిటి, దోషమేమిటి అని తెలుగులో చెప్పగలమా అన్నది నా ప్రశ్న. చెప్పలేకపోవటం వల్ల మనకు జరిగే నష్టం ఒకటుంది. అది చివరికి వస్తుంది.

మందు అనే మాట

విస్కీ, బ్రాందీ, వైను, బీరు అన్నిటికీ కలిపి మనకున్న వాడుకమాట ఒక్కటే: మందు. దాని చుట్టూ ఉన్న క్రియలు చూడండి. కొట్టటం, వెయ్యటం, పుచ్చుకోవటం, ఎక్కటం, దిగటం. ఇందులో నాలుకకు సంబంధించింది ఒక్కటీ లేదు. అంతా లోపలికి పోయాక ఏం జరిగిందన్నదే. మన పార్టీల్లో బేస్‌మెంట్‌లో కూర్చున్న మగవాళ్ళ మధ్య ఒక సీసా గురించి వినిపించే విమర్శ సాధారణంగా రెండు ముక్కలు: "స్మూత్‌గా ఉంది గురూ", లేదా "అసలు ఎక్కలేదు".

అదే మనుషులు పైకి వచ్చి కంచం ముందు కూర్చోగానే మహా విమర్శకులైపోతారు. ఆవకాయలో ఆవ ఘాటు ముందుంది, ఉప్పు వెనకబడింది, ఇంకో నాలుగు రోజులు ఊరాలి అంటారు. గోంగూర పులుపు వేరు, చింతకాయ పులుపు వేరు అంటారు. వంకాయలో కనరు, అరటిపువ్వులో వగరు, కాకరకాయలో చిరుచేదు, పెసరట్టులో అల్లం కాటు, అన్నీ విడివిడిగా పట్టుకుంటారు. డికాషన్ మొదటిదో రెండోదో వాసన చూసి చెప్పేస్తారు. ఇంత చదువుకున్న నాలుక, మందు అనే మాట వినగానే నిరక్షరాస్యం అయిపోతుంది.

ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. మనుస్మృతి సురను మూడు రకాలుగా విడదీసింది. బెల్లంతో చేసేది గౌడి, పిండితో చేసేది పైష్టి, మధువుతో చేసేది మాధ్వి. ద్విజోత్తములు ఈ మూడూ తాగకూడదని చెప్పే సందర్భంలోనే ఈ విభజన. నిషేధించటానికైనా ముందు రకాలు తెలియాలి కదా. ఇక కల్లు సంగతి. నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన మిత్రుడు ఒకాయన చెప్పాడు, వాళ్ళ ఊళ్ళో తాటికల్లును ఊరికే కల్లు అని ఊరుకోరట. పోత్తాడు, పరుపుతాడు, పండుతాడు అని చెట్టును బట్టి, కాలాన్ని బట్టి పేర్లు, ఒక్కోదానికి ఒక్కో రుచి. పొద్దున దించిన కల్లు తీపి, ఎండెక్కేకొద్దీ పులుపు. గౌడ కుటుంబాల్లో పిల్లలకు కూడా ఈ తేడాలు తెలుస్తాయి. ఆ మాటలు తెలుగులో ఉన్నాయి. చదువుకుని, ఉద్యోగాల కోసం ఊళ్ళు వదిలి, ఇక్కడిదాకా వచ్చిన మనలో చాలామంది వాటిని వెంట తెచ్చుకోలేదు, అంతే.

తెచ్చుకోకపోవటానికి కారణం కూడా చిన్నది కాదు. మాది నెల్లూరు జిల్లా. ప్లాస్టిక్ ప్యాకెట్లలో సారా అమ్మిన రోజులు నాకు బాగా గుర్తు. దానికి రుచి అనేది లేదు, ధర ఉంది, దెబ్బ ఉంది. 1992లో మా జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు, రోశమ్మ లాంటి వాళ్ళు ముందుండి, ఊళ్ళోకి సారా రానివ్వమని అడ్డం నిలబడ్డారు. అక్షరాస్యత తరగతుల్లో నేర్చుకున్న నాలుగు అక్షరాలు వాళ్ళకు ఆ ధైర్యాన్నిచ్చాయి. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ ఉద్యమాన్ని చూసిన ఇంట్లో పెరిగినవాడికి మద్యం "రుచి" గురించి మాట్లాడటం అంటే, కొట్టినవాడి చేతి ఉంగరం అందంగా ఉందని మెచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ సంకోచం నాలో ఇంకా ఉంది. ఉండాలనే అనుకుంటాను. ఈ విమర్శ ఆ సంకోచాన్ని పక్కన కూర్చోబెట్టుకునే చేస్తున్నాను.

సీసా, దాని ఊరు

నేను ఎంచుకున్న బీరు పేరు మోదిత్. మన చెవికి మోదం, ప్రమోదం గుర్తొస్తాయి గానీ ఫ్రెంచిలో దాని అర్థం శాపగ్రస్త. మేముండే బోస్టన్ శివార్ల నుంచి ఉత్తరానికి అయిదు గంటలు కారు నడిపితే మాంట్రియల్. దాని పక్కనే రిషెల్యూ నది ఒడ్డున షాంబ్లీ అనే ఊరు. అక్కడి యునిబ్రూ అనే బ్రూవరీ 1992లో దీన్ని మొదలుపెట్టింది. క్యూబెక్ కిరాణా కొట్లలోకి వచ్చిన మొదటి స్ట్రాంగ్ బీరు ఇదేనని వాళ్ళు చెప్పుకుంటారు. 2004లో ఆ బ్రూవరీని స్లీమన్ అనే కెనడా కంపెనీ కొన్నది, 2006లో స్లీమన్‌ను జపాన్ వాళ్ళ సప్పోరో కొన్నది. బెల్జియం పద్ధతి, క్యూబెక్ నీళ్ళు, జపాన్ యాజమాన్యం. వలసల గురించి మనకు వేరే చెప్పక్కర్లేదు.

బెల్జియం పద్ధతి అంటే ఏమిటో కాస్త చెప్పాలి. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేడి చేస్తే మాల్ట్. మన ఇళ్ళల్లో పిల్లలకు రాగి మాల్ట్ చేసే తీరు ఇంచుమించు ఇదే. మొలకను ఎంత వేడి చేశారన్నదాన్ని బట్టి రంగు. లేతగా వేడిచేస్తే గడ్డిరంగు బీరు, ఇంకొంచెం మాగబెట్టి, లోపలి చక్కెర పాకం పట్టేదాకా ఉంచితే అంబర్ రంగు, మాడ్చేస్తే కాఫీ రంగు. అంబర్ అంటే తెల్లారి ఎండలో పెట్టిన తేనె సీసా రంగు అనుకోండి. బెల్జియం వాళ్ళు దీనికి చక్కెర కూడా కలుపుతారు. చక్కెర పూర్తిగా పులిసిపోయి, ఒళ్ళు బరువెక్కకుండా బలం పెంచుతుంది. మనువు లెక్కలో చూస్తే ఇది ముప్పాతిక పైష్టి, పాతిక గౌడి. కొన్ని బీర్లలో ధనియాలు, ఎండిన నారింజ తొక్క కూడా వేస్తారు. చివరగా సీసాలో మళ్ళీ కాస్త ఈస్ట్, చక్కెర ఉంచి బిరడా బిగిస్తారు. లోపల రెండోసారి పులుస్తుంది. ఆ గాలి బయటికి పోలేక బీరులోనే కరిగిపోతుంది. అడుగున మడ్డి మిగులుతుంది.

ఇంత బలమైన బీర్లు బెల్జియంలోనే ఎందుకు పెరిగాయి అన్నదానికి ఒక కారణంగా 1919 నాటి చట్టాన్ని చెప్తారు. ఎమిల్ వాండర్‌వెల్డ్ అనే సోషలిస్టు మంత్రి, కార్మికుల కుటుంబాలు తాగుడుతో కూలిపోతున్నాయని, పబ్లిక్ కెఫేల్లో సారాయి జాతి మద్యాలు పొయ్యకూడదని చట్టం తెచ్చాడు. అది 1983 దాకా ఉంది. సారాయి దొరకని చోట బీరు బలం పెంచుకుంది. దూబగుంటకూ బ్రస్సెల్స్‌కూ కారణం ఒకటే, పర్యవసానాలు వేరు. మన దగ్గర నిషేధం దొంగసారాకు దారి తీసింది. అక్కడ ఆ చట్టం, అనుకోకుండా, ఒక శిల్పానికి దోహదం చేసింది.

రుచి

ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట పెట్టాను. చల్లదనం మరీ ఎక్కువైతే నాలుక మొద్దుబారి, వాసన ముడుచుకుపోతుంది. పెరుగన్నంలో ఐస్ వేసుకుని తాలింపు రుచి చెప్పమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. వెడల్పు మూతి గ్లాసులో, మడ్డి కదలకుండా, సగానికి పోశాను.

రంగు రాగిచెంబు తోమిన మర్నాటి రంగు, కొంచెం మబ్బుగా. నురగ దట్టంగా లేచి, పాలమీగడలా చాలాసేపు నిలబడింది. వాసనలో మొదట నారింజ తొక్క, వెనకాలే లవంగం, ఆ తర్వాత ధనియాలు. ధనియాలు అంటే పచ్చి ధనియాలు కాదు, చారుపొడికి వేయించటానికి మూకుడు పొయ్యి మీద పెట్టిన మొదటి నిమిషంలో వచ్చే వాసన. అడుగున బెల్లం పాకం. లవంగం వాసన లవంగం వేసినందుకే రానక్కర్లేదు, ఈ జాతి ఈస్ట్ పులిసేటప్పుడు ఆ వాసనను తానే పుట్టిస్తుంది.

నోట్లో పెట్టుకోగానే బుడగలు నాలుక మీద చురుక్కుమంటాయి. తర్వాత తీపి వస్తుంది, కానీ నిలబడదు. లేతపాకం తీపి, వెంటనే మిరియం లాంటి సన్నటి ఘాటు, దాని వెనక చిరుచేదు, చివర్న వక్క నమిలి ఉమ్మేశాక మిగిలేటంత వగరు. ఒకదాన్నొకటి తోసుకుంటూ కాదు, వంతులవారీగా వస్తాయి. గొంతు దిగాక నోరు పొడిగా ఉంటుంది, జిగట ఉండదు. ఇంకో గుక్క కావాలనిపిస్తుంది.

మన లాక్షణికులు కవిత్వానికి మూడు పాకాలు చెప్పారు. నోట్లో వేసుకోగానే రసం ఊరేది ద్రాక్షాపాకం. తొక్క ఒలిస్తే గానీ అందనిది కదళీపాకం. పీచు తీసి, చిప్ప పగలగొట్టి తినాల్సింది నారికేళపాకం. బీర్లను పోల్చటానికి ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

బెల్జియం వాళ్ళదే క్వాక్ అనే అంబర్ బీరు ఉంది, 8.4 శాతం. అది ద్రాక్షాపాకం. ముదురుపాకం తీపి, మాగిన అరటిపండు వాసన, మొదటి గుక్కలోనే అంతా ఇచ్చేస్తుంది. రెండో గుక్కకు కొత్తగా చెప్పేదేమీ ఉండదు. అరిసె మొదటిది బాగుంటుంది, మూడోది మొహం మొత్తుతుంది, అలా. ఓర్వాల్ అనే మఠంలో 1931 నుంచి చేస్తున్న బీరు నారికేళపాకం. 6.2 శాతమే, ఈ జాబితాలో బలం తక్కువది, కానీ మొదటిసారి తాగినవాడు మొహం చిట్లిస్తాడు. చేదు, పొడి, పాత తోలు వాసన. మళ్ళీ మళ్ళీ వెళ్ళినవాడికే అది తలుపు తీస్తుంది. మోదిత్ ఈ రెంటికీ మధ్య కదళీపాకం. తొక్కలా పైన మసాలా వాసన ఉంది, అది ఒలుచుకుంటే లోపల మాల్ట్ గుజ్జు. శ్రమ పెద్దగా లేదు, కానీ కాస్త నిదానం కావాలి.

గుణం చెప్పాను. దోషం ఒకటి అక్కడే ఉంది. మసాలా కొన్నిసార్లు మాల్ట్‌ను కప్పేస్తుంది. బిరియానీలో లవంగాలు మరీ ఎక్కువైతే మాంసం ఏదో తెలియనట్టు, ఇక్కడా చల్లగా తాగితే నారింజ, ధనియాలు తప్ప వేరే ఏమీ తెలియవు. రెండో దోషం దీనికంటే పెద్దది. దానికి సీసా మీది బొమ్మ దగ్గరికి వెళ్ళాలి.

బొమ్మ

సీసా మీద ఒక పడవ ఆకాశంలో ఎగురుతూ ఉంటుంది. అందులో మనుషులు తెడ్లు వేస్తూ ఉంటారు. వెనక ఎర్రటి వెలుగులో సైతాను. ఇది క్యూబెక్ వాళ్ళు తరతరాలుగా చెప్పుకునే కథ, పేరు షాస్ గాలెరీ. దాన్ని ఓనోరే బోగ్రాన్ అనే రచయిత, ఒకప్పుడు మాంట్రియల్ మేయరుగా కూడా చేసినవాడు, 1891 డిసెంబర్ 31న పత్రికలో అచ్చువేశాడు. 1900లో పుస్తకంగా వచ్చింది. ఆన్రీ జూలియెన్ 1906లో వేసిన తైలవర్ణ చిత్రం క్యూబెక్ నగరంలోని మ్యూజియంలో ఉంది. ఎగిరే పడవ అనగానే అక్కడివాళ్ళకు మనసులో మెదిలే బొమ్మ అదే.

కథ చెప్తాను, ఎందుకంటే అది మన కథ. గాటినో నది మీద అడవుల్లో చెట్లు నరికే కూలీల క్యాంపు. ఇల్లు వదిలి నెలలైంది. కొత్త సంవత్సరం రాత్రి. చుట్టూ మంచు. ఇంటి దగ్గర అందరూ విందులు చేసుకుంటూ, డాన్సులాడుతూ ఉంటారు. బాప్తీస్త్ అనే అతను, వంటవాణ్ణి లేపి, వెళ్ళి మన పిల్లల్ని చూసి వద్దామా అంటాడు. వంద కోసుల పైమాట దూరం. సైతానుతో ఒప్పందం చేసుకుంటే పడవ గాల్లో ఎగురుతుంది. షరతులు: దేవుడి పేరు ఎత్తకూడదు, చర్చి శిఖరాల మీది సిలువలకు పడవ తగలకూడదు, తెల్లారేలోగా తిరిగి రావాలి. తప్పితే ఆత్మ సైతానుది. ఎనిమిదిమంది బయల్దేరతారు. నదుల మీదుగా, మాంట్రియల్ దీపాల మీదుగా ఎగిరి, ఊరు చేరి, విందులో కలిసి, డాన్సు చేస్తారు.

హెచ్1 మీద వచ్చి, మొదటి సంక్రాంతికి ఇంటికి వెళ్ళలేక, అపార్ట్‌మెంట్‌లో నలుగురు స్నేహితులతో కూర్చున్నవాళ్ళకు ఈ కథలో అర్థంకానిది ఏమీ ఉండదు. ఒక్క రాత్రికి ఆ పడవ ఎక్కటానికి ఏం ఒప్పందమైనా చేసుకునేవాళ్ళమే. మనకు బేస్‌మెంట్‌లో సీసా ఆ పడవే. రెండు గ్లాసులు పడగానే అందరూ మాట్లాడేది ఊళ్ళ గురించే.

కానీ బోగ్రాన్ కథ అక్కడ ఆగదు. తెడ్డు పట్టి దారి చూపాల్సిన బాప్తీస్త్ విందులో తప్పతాగుతాడు. తిరుగు ప్రయాణంలో పడవ వంకర్లు తిరుగుతుంది, ఒకసారి కొండ పక్క మంచులో దిగబడుతుంది. అతను దేవుడి పేరు ఎక్కడ ఎత్తుతాడోనని కాళ్ళూ చేతులూ కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కుతారు. అతను కట్లు విప్పుకుని తిరగబడతాడు. పడవ ఒక పెద్ద చెట్టుకు కొట్టుకుని అందరూ కింద పడతారు. పొద్దున క్యాంపువాళ్ళు వాళ్ళను మంచులో చూసి, తాగి పడిపోయారనుకుని మోసుకొస్తారు. ప్రాణాలతో బయటపడ్డారు, అంతవరకు అదృష్టం.

సీసా మీద ఎగరటం ఉంది. పడటం లేదు. విమర్శకుడిగా నా అసలు అభ్యంతరం ఇది. బొమ్మ సగం కథే చెప్తుంది, లోపలి బీరూ సగం కథే చెప్తుంది. ఎనిమిది శాతం ఆల్కహాలు ఉందని నాలుకకు తెలియనివ్వదు. మంట లేదు, బరువు లేదు, పాకం తీపి, మసాలా ఘాటు దాన్ని పూర్తిగా మరుగుపరుస్తాయి. శిల్పంగా చూస్తే ఇది గొప్ప నేర్పు. తాగేవాడి వైపు నుంచి చూస్తే ఇదే పెద్ద దోషం. అలంకారం వస్తువును దాచేసిన కావ్యాన్ని మనం ఏమంటామో దీన్నీ అదే అనాలి.

ఎనిమిది శాతం మనకు కొత్త అంకె కాదు. మన ఊళ్ళల్లో స్ట్రాంగ్ బీరు సీసాల మీద చూసిన అంకే. కానీ అది తన బలాన్ని దాచదు, మొదటి గుక్కలోనే మొహం మీద చెప్తుంది. ఇది చెప్పదు. అందుకే లెక్క మనమే వేసుకోవాలి. 750 మిల్లీలీటర్ల సీసాలో ఎనిమిది శాతం అంటే 60 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 47 గ్రాముల ఆల్కహాలు. అమెరికాలో ఒక డ్రింకు అంటే 14 గ్రాములు. మామూలు అయిదు శాతం బీరు క్యాను ఒకటి అంత. అంటే ఈ ఒక్క సీసా మూడు క్యాన్ల పైమాట. కెనడాలో 2023లో నిపుణులు ఇచ్చిన సలహా ప్రకారం ప్రమాదం తక్కువగా ఉండాలంటే వారానికి రెండు డ్రింకులు. సీసా ఒక్కరే పూర్తిచేస్తే వారం కోటా దాటిపోయి, పై వారం కోటాలో కూడా ముప్పాతిక ఖర్చయిపోయినట్టే.

ఈ లెక్క నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట డిసెంబర్‌లో, ఒక స్నేహితుడి ఇంట్లో, ఇలాంటిదే ఇంకో బెల్జియన్ పద్ధతి బీరు, పెద్ద సీసా, బీరే కదా అనుకుని మొత్తం తాగాను. ఎక్కినట్టే లేదు. భోజనాలయ్యాక కోటు వేసుకుని తాళాలు తీశాను. మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్న మా అమ్మాయి, అప్పటికి పదకొండేళ్ళు, తల ఎత్తకుండా అడిగింది, "నాన్నా, ఇవాళ నువ్వు డ్రైవ్ చేస్తావా?" అని. నేను జవాబు చెప్పేలోపే మా ఆవిడ చేతిలోంచి తాళాలు తీసుకుంది. రాత్రిపూట మంచులో ఆవిడ కారు నడపటం అదే మొదటిసారి. నలభై నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. తప్పు సీసాది కాదు, నాది. నేను దాన్ని రుచి చూడలేదు, తాగాను. అందులో ఏముందో గమనించేవాడినైతే ఎంత ఉందో కూడా గమనించేవాణ్ణి. "ఎక్కలేదు" అన్న ఒక్క కొలతే తెలిసినవాడికి, ఎక్కనట్టు నటించే పానీయం ఎదురైతే ఏమవుతుందో ఆ రాత్రి తెలిసింది.

మందు అనే ఒక్క మాటతో మనకు జరిగే నష్టం ఇదీ. రుచి తెలియకపోవటం చిన్న విషయం. రుచి తెలియని చోట కొలత కూడా తెలియదు.

మా అమ్మ విమర్శ

కిందటి వేసవిలో మా అమ్మ ఇక్కడ ఉండగానే ఈ వ్యాసం కోసం మోదిత్ సీసా తీశాను. ఒక గ్లాసు పోసుకుని, కాగితం మీద రాసుకుని, మిగిలింది బిరడా బిగించి పెట్టాను. ఆవిడ వంటింట్లోంచి చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు. సారా ఉద్యమం రోజుల్లో మా వీధి ఆడవాళ్ళతో కలిసి దుకాణం ముందు కూర్చున్న మనిషి. ఆవిడ అనకపోవటమే నాకు భయం.

కడగటానికి గ్లాసు తీసుకెళ్తూ ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఏందబ్బాయా ఇది, ధనియాల కషాయం మాదిరుందే. కమలాపండు తొక్క కూడా వేసినారా?" అంది. నేను పావుగంట కూర్చుని, రెండు పుస్తకాలు తిరగేసి రాసుకున్న దాన్ని ఆవిడ చుక్క నాలుక మీద పడకుండా చెప్పేసింది. జలుబు చేస్తే ఆవిడ మాకు కాచి ఇచ్చిన కషాయంలో ధనియాలు ఉండేవి. ఆ ముక్కు అక్కడ చదువుకుంది. మన దగ్గర చదువు లేక కాదు, ఈ విషయంలో దాన్ని వాడటానికి మనసొప్పక, అంతే.

సీసా మందంగా, బాగుందని, కడిగి మనీప్లాంట్ పెట్టుకుంటానంది. బొమ్మ చూసి ఇదేమిటని అడిగింది. కథ చెప్పాను. అడవి, మంచు, ఇంటి మీద బెంగ, పడవ, అన్నీ విన్నది. పడిపోయిన దగ్గరికి రాగానే ఆపింది.

"పడవ నడిపేవాడికి పోసిందెవురు?" అంది.

బోగ్రాన్ కథలో దానికి సరైన జవాబు లేదు. విందు ఇచ్చిన ఇల్లు ఉంది, సీసాలు పెట్టిన బల్ల ఉంది, బాప్తీస్త్ అక్కడే నిలబడి తాగుతున్నాడని కూడా ఉంది. వచ్చినవాడు ఎలా తిరిగి వెళ్తాడని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. బెల్జియం వాళ్ళ క్వాక్ బీరుకు ఇంకో కథ ఉంది. బండి దిగి లోపలికి రావటానికి వీల్లేని గుర్రపుబండి తోలేవాళ్ళ కోసం, బండికే తగిలించుకునే గ్లాసు తయారుచేశాడట ఆ సత్రం యజమాని. ఇప్పటికీ ఆ బీరును చెక్క స్టాండులో పెట్టిన గుండ్రటి అడుగు గ్లాసులోనే ఇస్తారు. నాకు ఒకప్పుడు ఆ కథ ముచ్చటగా ఉండేది. అమ్మ ప్రశ్న విన్నాక అంత ముచ్చటగా లేదు.

నా తీర్పు ఇది. మోదిత్ మంచి బీరు. మాల్ట్, మసాలా, చేదు మూడూ పొందికగా కుదిరిన బీరు. నలుగురు పెద్దవాళ్ళు ఒక సీసాను పంచుకుని, భోజనంతోపాటు, నిదానంగా రుచి చూడదగ్గది. గారెలతో బాగుంటుంది, గోంగూర మాంసంతో ఇంకా బాగుంటుంది, ఆ పులుపుకు ఈ పాకం తీపి సరిపోతుంది. అయితే బలాన్ని దాస్తుంది కాబట్టి, ఆ సంగతి పొయ్యకముందే ఇంటివాళ్ళు చెప్పాలి. మా ఇంటికి ఎవరు వచ్చినా కోట్లు తీసుకునేటప్పుడే తాళాలు ఎవరి దగ్గరున్నాయో అడుగుతున్నాను. మొదట్లో కొంతమంది నవ్వారు. ఇప్పుడు వాళ్ళే గుమ్మంలో చెప్పేస్తున్నారు. వాళ్ళకు మజ్జిగ, ధనియాల పొడి చల్లి.

సీసా వంటింటి కిటికీలో ఉంది. మనీప్లాంట్ పడవ దాటి సైతాను కొమ్ములదాకా పాకింది.